కందిరీగకి ఆధార్ కార్డు

విదేశాల్లో మన సాఫ్ట్‌వేర్ జనాభా నలుగురు ఒకచోట చేరితే, మాట మూడు మజిలీలు దాటకుండానే ఊరి మీదకి వస్తుంది. మొదటి మజిలీ వీసాలు, రెండోది పిల్లల చదువులు, మూడోది "మన ఊరికి మనం ఏదైనా చెయ్యాలండీ". దోహాకి దక్షిణంగా, అల్ వక్రా పక్కనున్న మా అల్ వుకైర్‌లోనూ ఇదే వరస. శుక్రవారం పూట ఏ ఇంట్లో బిర్యానీ గిన్నె దిగినా ఆ మూడో మజిలీ తప్పదు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. ఒకప్పుడు "ఊళ్ళో బడికి కంప్యూటర్లు కొనిద్దాం" అనేవాళ్ళం. ఇప్పుడు "రైతుల కోసం ఒక యాప్ చేద్దాం" అంటున్నాం. రైతు పొలంలో పురుగుని ఫోటో తీస్తాడు, కృత్రిమ మేధ దాని పేరు చెబుతుంది, ఏం చెయ్యాలో కూడా చెబుతుంది. రెండు వారాంతాల పని!

ఆ "రెండు వారాంతాల" దగ్గరే నాకు పేచీ. కోడు రాయడం రెండు వారాంతాల పనే కావచ్చు. కానీ ఆ యాప్ చెప్పే పేరు ఎక్కణ్ణించి వచ్చింది, అది సరైన పేరేనని ఎవరు తేల్చారు అన్నది వందేళ్ళ పని. మన డబ్బూ, మన తీరికా ముందు పెట్టాల్సింది అక్కడ అని నా వాదన. ఎందుకో చెప్పడానికి ఒక సాక్షిని బోనులోకి పిలుస్తాను. కాస్త కళ్ళు చికిలించుకుని చూడండి, లేకపోతే కనపడదు.

సాక్షి పరిచయం

దీని పేరు ట్రైకోగ్రామా. కందిరీగలకి చుట్టమే గానీ మనల్ని కుట్టదు. పొడవు అర మిల్లీమీటరు. వాక్యం చివర పెట్టే చుక్క మీద వాలితే ఆ చుక్కే దానికి అరుగు. తల్లి పురుగు వేరే పురుగుల గుడ్లని, ముఖ్యంగా రెక్కల పురుగులు ఆకుల మీద పెట్టిన గుడ్లని, వెతుక్కుంటూ తిరుగుతుంది. దొరికిన గుడ్డుకి చిల్లుపెట్టి లోపల తన గుడ్డు పెడుతుంది. లోపల పిల్ల ఆ గుడ్డులోని పదార్థమంతా తినేస్తుంది. మూడు నాలుగు రోజులకి గుడ్డు నల్లబడుతుంది, వారం పది రోజుల్లో కొత్త కందిరీగ చిల్లు చేసుకుని బయటికొస్తుంది. చెరకు పీకపురుగు, వరి ఆకుముడత, శనగపచ్చ పురుగు లాంటివి గొంగళిగా పుట్టకముందే పోతాయి. బగ్ ప్రొడక్షన్‌కి వెళ్ళకముందే పట్టుకోవడం అంటే ఇదే కదా!

మన వ్యవసాయ శాఖ వాళ్ళు దీన్ని "గుడ్డు బదనిక" అంటారు. బియ్యంలో పట్టే కోర్సైరా అనే రెక్కల పురుగుని ప్రయోగశాలలో జొన్న, సజ్జ నూక మీద పెంచి, దాని గుడ్లని అట్టముక్క మీద అంటించి, ఈ కందిరీగల చేత వాటిలో గుడ్లు పెట్టిస్తారు. అవే ట్రైకో కార్డులు. ఒక సీసీ గుడ్లంటే దాదాపు 16 నుంచి 20 వేలు. కార్డుని ముక్కలుగా కత్తిరించి, చల్లటి పూట, ఆకుల అడుగున పిన్ను కొడితే సరి. మందు కొట్టే పంపు అక్కర్లేదు, ముక్కుకి గుడ్డ అక్కర్లేదు. చెరకుకి పేరుపడ్డ అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో ఈ బదనికల మీద చాలాకాలంగా పని జరుగుతోంది.

మనవాళ్ళకి నచ్చే ముక్క ఇంకొకటి. ఈ కుటుంబంలోనే మెగాఫ్రాగ్మా అనే ఇంకా చిన్న చుట్టం ఉంది, పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు. దాని నాడీమండలంలో ఉన్నవి దాదాపు 7,400 న్యూరాన్లే. వాటిలోనూ చాలామటుకు, ఆ పురుగు పెద్దదయ్యేసరికి చోటు చాలక కేంద్రకాలని వదిలేసుకుంటాయని రష్యా శాస్త్రజ్ఞుడు పొలిలోవ్ 2012లో చూపించాడు. ఆ కాస్త సరంజామాతోనే అది ఎగురుతుంది, గుడ్డు వెతుకుతుంది, పిల్లల్ని కంటుంది. మన నాడీజాలాల్లో పారామీటర్లు కోట్లలో ఉన్నాయని మురిసిపోయే ముందు ఒకసారి తలుచుకోదగ్గ జీవి.

ఇంటిపేరు సరే, పేరేమిటి?

శాస్త్రీయ నామంలో రెండు ముక్కలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. తెలుగువాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు, మనకీ ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ట్రైకోగ్రామా అన్నది ఇంటిపేరు మాత్రమే. ఆ ఇంట్లో రెండు వందలకి పైగా సభ్యులున్నారు. వాళ్ళందరూ చూడ్డానికి ఒకేలా ఉంటారు.

ఇంటిపేరు చాలదా అంటే చాలదు. వరిలో కాండం తొలుచు పురుగుకి సిఫారసు చేసేది జపానికం జాతి. అదే వరిలో ఆకుముడతకి ఖిలోనిస్ జాతి. పైకి ఒకేలా ఉన్నా తిరిగే చోట్లు వేరు, ఇష్టపడే గుడ్లు వేరు. యూరపులో ఇంకో తమాషా కనిపెట్టారు. బ్రాసికే అనే జాతి, అప్పుడే జతకట్టిన ఆడ సీతాకోకచిలుక ఒంటి మీది వాసన పట్టి, దాని మీదెక్కి, అది గుడ్లు పెట్టే చోటికి ఉచితంగా ప్రయాణం చేస్తుందని 2005లో తేలింది. దానికిది పుట్టుకతో వచ్చిన విద్య. దాని దగ్గరి చుట్టం ఎవనెసెన్స్ మాత్రం ఆ వాసనని అనుభవంతో నేర్చుకుంటుందని 2009లో తేల్చారు. ఒకటి ఫర్మ్‌వేర్, ఇంకొకటి మెషీన్ లెర్నింగ్! భూతద్దంలో చూస్తే రెంటికీ తేడా తెలియదు.

మరి తేడా ఎలా తెలిసింది? ఈ కథలో సగం బెంగుళూరులోనే జరిగింది. చాలాకాలం వీటిని ఒంటి రంగుని బట్టి, రెక్క మీది నూగుని బట్టి విడదీసేవారు. చిక్కేమిటంటే, పెరిగేటప్పుడు వేడి మారితే రంగు మారిపోతుంది. ఎండాకాలంలో పుట్టింది ఒక జాతి, చలికాలంలో పుట్టింది ఇంకో జాతి అనుకోవచ్చు. మన దేశంలో విస్తారంగా ఉన్న ఖిలోనిస్‌నే తీసుకోండి. పాత కాగితాల్లో దాన్ని అమెరికా జాతి పేరుతో మినుటం అని రాశారు, తర్వాత ఆస్ట్రేలియా జాతి పేరుతో ఆస్ట్రాలికం అన్నారు. బెంగుళూరులోని కామన్వెల్త్ జీవ నియంత్రణ సంస్థ కేంద్రంలో పనిచేసిన సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1968లో వీటి మధ్య సంకరం చేసి చూశారు. 1971లో, వీటిని నమ్మకంగా విడదీసే గుర్తు మగ పురుగు జననాంగం ఆకారమని చూపించారు. ప్రపంచమంతా ఆ పద్ధతికి మారింది.

కథ అక్కడితో అవలేదు. మనం ఆస్ట్రాలికం అంటున్నది అసలు ఆస్ట్రాలికం కాదని తేలాక, ఇటలీ శాస్త్రజ్ఞుడు విజ్జియాని 1976లో దానికి కొత్త పేరు పెట్టాడు. ఏమని? కన్‌ఫ్యూజం అని! ఆ గందరగోళానికి అంతకన్నా తగిన పేరు లేదు. 1979లో నాగర్‌కట్టి, నాగరాజ మళ్ళీ వచ్చి, ఈ కన్‌ఫ్యూజమూ, 1941లోనే జపానులో ఇషీ వర్ణించిన ఖిలోనిసూ ఒకటేనని తేల్చారు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది కాబట్టి ఖిలోనిస్ నిలిచింది.

మన భాషలో చెప్పాలంటే, ఇది డేటాబేసులో ప్రైమరీ కీ తప్పు పడ్డం. ఒకే రికార్డు నాలుగు కీల కింద ఉంది. ఒకే కీ కింద వేరే రికార్డులున్నాయి. "ఆస్ట్రాలికం మీద మా ప్రయోగం ఇలా వచ్చింది" అన్న పాత వ్యాసం చదివితే, అది ఏ పురుగు గురించో తెలుసుకోవడానికి ఒకటే దారి: ఆ ప్రయోగం చేసినవాళ్ళు నాలుగు పురుగుల్ని గాజుపలక మీద భద్రపరిచి ఉండాలి. భద్రపరచకపోతే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు.

మగవాళ్ళే లేని ఊళ్ళో

మగ పురుగుని చూసి పేరు చెప్పొచ్చు, బాగానే ఉంది. కొన్ని చోట్ల మగవే ఉండవు. వోల్బాకియా అనే బాక్టీరియా కొన్ని ట్రైకోగ్రామాల్లో కాపురముండి, మగ తోడు లేకుండానే తల్లి ఆడపిల్లల్ని మాత్రమే కనేలా చేస్తుంది. ఈ తల్లులకి యాంటీబయాటిక్ పెడితే మళ్ళీ మగపిల్లలు పుడుతున్నారని స్టౌథామర్ బృందం 1990లో చూపించింది. అలాంటి చోట జననాంగం పద్ధతి పనిచెయ్యదు. అందుకని అదే స్టౌథామర్ తోటివాళ్ళతో కలిసి 1999లో ఐటీఎస్-2 అనే డీఎన్‌ఏ ముక్కని చదివి పేరు చెప్పే దారి వేశాడు.

"చూశారా, మైక్రోస్కోపు మనిషి అక్కర్లేదు, డీఎన్‌ఏ చాలు" అంటారు మన కుర్రాళ్ళు. డీఎన్‌ఏ చాలదండీ. డీఎన్‌ఏ ఇచ్చేది నాలుగు అక్షరాల వరస. ఆ వరస ఫలానా జాతిది అని చెప్పాలంటే, ముందు ఎవరో ఒకరు ఫలానా జాతి మగ పురుగుని పలక మీద చూసి, పేరు ఖాయం చేసి, దాని చుట్టాల డీఎన్‌ఏని కోశంలో వేసి ఉండాలి. హ్యాష్ ఎంత బాగా లెక్కకట్టినా, పోల్చి చూడ్డానికి అసలు ఫైలు ఒకటి ఉండొద్దూ?

పేరు తప్పితే పొట్ట కాలుతుంది

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకునేవాళ్ళకి ఆఫ్రికా కథ ఒకటి. 1970ల మొదట్లో దక్షిణ అమెరికా నుంచి ఒక పిండినల్లి మధ్య ఆఫ్రికాకి చేరి కర్రపెండలం తోటల్ని తినేయడం మొదలెట్టింది. అక్కడ కోట్ల మందికి అదే అన్నం. దాని పుట్టింట్లో దాన్ని అదుపులో పెట్టే బదనిక ఉండే ఉంటుందని వెతికారు. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో పిండినల్లి దొరికింది, దాని మీద బదనికలూ దొరికాయి. తీసుకొస్తే ఆఫ్రికా పిండినల్లి మీద అవి పిల్లల్ని పెట్టలేదు. ఎందుకంటే అది వేరే జాతి, అచ్చు గుద్దినట్టుండే చుట్టం. అసలుది 1981లో పరాగ్వేలో దొరికింది. దాని మీదున్న అనాగైరస్ లోపెజీ అనే బుల్లి కందిరీగని అదే ఏడాది నైజీరియాలో వదిలారు. తర్వాత కర్రపెండలం పండే దేశాలన్నిటికీ పాకించారు. ఆ పనికి హాన్స్ హెరెన్‌కి 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ముందు పొరబడిన ఆ రెండో పిండినల్లికి హెరెన్ పేరే పెట్టారన్నది కొసమెరుపు.

ఇప్పుడు రెండో సగం వినండి. ఆ పిండినల్లే 2020లో కేరళలోని త్రిశూరులో బయటపడింది, తమిళనాడుకి పాకింది. ఈసారి పేరు వెంటనే తెలిసింది. పేరు తెలిసింది కాబట్టి విరుగుడు పేరూ తెలిసింది. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో 2021లో ఆఫ్రికాలోని బెనిన్ నుంచి లోపెజీని తెప్పించింది, 2022లో తమిళనాడు పొలాల్లో వదిలింది. ఆఫ్రికాలో దాదాపు పదేళ్ళు పట్టిన పని ఇక్కడ రెండేళ్ళలో అయింది. ఈ ఎనిమిదేళ్ళ తేడా చాలావరకు ఒక సరైన పేరు ఖరీదు. సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల కర్రపెండలం వేసేవాళ్ళకి, సగ్గుబియ్యం మిల్లుల మీద బతికేవాళ్ళకి ఇది ఎక్కడో జరిగిన కథ కాదు.

ఇంకా దగ్గరి కథ. మా మేనమామగారికి చోడవరం దగ్గర చెరకు ఉంది. ఓ ఏడాది ఎవరో అమ్మితే ట్రైకో కార్డులు కొని కట్టారు. పురుగు ఆగలేదు. ఫోన్లో "అట్టముక్క కొని అట్టముక్కే కట్టానురా అబ్బాయ్" అన్నారు. కార్డు ఫోటో పంపమన్నాను. దాని మీద "ట్రైకో" అనీ, ఒక సెల్ నంబరూ తప్ప ఏమీ లేదు. ఏ జాతి? ఎప్పుడు తయారైంది? ఎన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఉంది, ఎన్నాళ్ళు బస్సులో ఎండకి మాడింది? గుడ్డు లోపలి ప్రాణి బతికుందా? చెప్పే నాథుడు లేడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పంపు భుజానికెత్తుకున్నారు. బదనిక పనిచెయ్యదని ఆయన తీర్పు. నాకైతే ఓడింది బదనిక కాదు, లేబులు అనిపించింది.

మా డాబా మీద

అల్ వుకైర్‌లో చలికాలం నాలుగు నెలలూ మా డాబా మీద కుండీల్లో టమాటా, గోంగూర, మెంతి వేస్తాం. మొన్న చలికాలంలో టమాటా ఆకు మీద రెక్కల పురుగు గుడ్లు కనపడ్డాయి. పిల్ల బయటికి రాబోయే ముందు మామూలు గుడ్డు కూడా కాస్త ముదురు రంగుకి తిరుగుతుంది. కానీ వీటిలో రెండు నిగనిగలాడే నలుపు. ఆకుని సీసాలో వేసి మూత బిగించాను. వారానికి నలకల్లాంటివి నాలుగైదు సీసాలో తిరుగుతున్నాయి. పురుగుల్ని గుర్తుపట్టే యాప్ ఒకదానికి ఫోటో చూపిస్తే, ఏమాత్రం తడుముకోకుండా "పండు ఈగ" అంది, నూటికి తొంభై పైన నమ్మకంతో.

ఇక్కడి ఒక బయాలజీ మాస్టారి మైక్రోస్కోపు కింద పెట్టాం. పాదంలో మూడే కణుపులు. అది ట్రైకోగ్రామా కుటుంబపు గుర్తు. రెక్క మీద నూగు వరసలు తీరి ఉంది. మగదాని మీసాలకి పొడుగాటి వెంట్రుకలున్నాయి. ఇంటిపేరు ట్రైకోగ్రామా అనగలిగాం. జాతి తేల్చాలంటే మగదాన్ని శుభ్రంచేసి పలక మీద బిగించి, నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూడగల, చూసి చెప్పగల మనిషి కావాలి. అందుకని అక్కడ ఆగిపోయాం. సీసాలో ఆల్కహాలు పోసి చీటీ పెట్టాం: ఊరు, తేదీ, ఏ మొక్క, ఏ పురుగు గుడ్డు. యాప్ చెయ్యలేకపోయింది ఆ ఆగడమే. ఎక్కడివరకు తెలుసో అక్కడ ఆగడం కూడా తెలివే.

ఏ జాతి ఎక్కడెక్కడ ఉందో చూపే పటాలకీ ఇదే వర్తిస్తుంది. లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో జాన్ నోయెస్ ఏళ్ళ తరబడి కూర్చిన డేటాబేసు ఒకటుంది. ట్రైకోగ్రామా కూడా చేరిన ఆ పెద్ద కందిరీగల గుంపులో వర్ణించిన జాతులే 22 వేలకి పైగా. ఏ జాతి ఏ దేశంలో దొరికిందో ఇలాంటి చోటే చూస్తాం. అయితే అలాంటి పటంలో చుక్కలు చిక్కగా ఉన్న చోటల్లా పురుగులు ఎక్కువని కాదు, వెతికినవాళ్ళు ఎక్కువని అర్థం. ఖాళీగా ఉన్న చోట పురుగు లేదని కాదు, మనిషి వెళ్ళలేదని. ఎడారిలో ఏముంటుందిలే అనుకోకండి. ఈ కుటుంబపు చుట్టం సూడోలిగోసైటా బాబిలోనికా, ఒమాన్ ఖర్జూర తోటల్లో దుబాస్ పురుగు గుడ్లని తిని బతుకుతోంది.

మరి మనమేం చెయ్యాలి?

"రైతుకి జాతి పేరెందుకండీ, పనిచేస్తే చాలు" అని మీరనొచ్చు. నిజమే, పనిచేసినన్నాళ్ళూ అక్కర్లేదు. పనిచెయ్యని రోజున ఎందుకు చెయ్యలేదో తెలియాలంటే కావాలి. లాగులు లేకుండా డీబగ్ చేసినవాళ్ళు చెయ్యెత్తండి!

నేను యాప్‌కి శత్రువుని కాను. కార్డు మీద నల్ల గుడ్లెన్ని, తెల్ల గుడ్లెన్ని లెక్కపెట్టడం కెమెరా చక్కగా చెయ్యగల పని. అది చేద్దాం. కార్డు మీద జాతి, తయారీ తేదీ, కందిరీగలు బయటికొచ్చే తేదీ చూపే క్యూఆర్ ముద్ర మన చేతిలో పని. అదీ చేద్దాం. ఒకే జాతిలోనూ రకాలుంటాయని మర్చిపోవద్దు. ఎండోసల్ఫాన్‌ని తట్టుకునేలా బెంగుళూరులో తయారుచేసిన ఖిలోనిస్ రకం "ఎండోగ్రామ్" ఉంది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌నే ఆపేసింది. వేడిని తట్టుకునే రకాన్నీ అక్కడే తయారుచేశారు. కార్డు మీద వర్షన్ నంబరు కూడా ఉండాలన్నమాట. ఇక ఫోటో చూసి పేరు చెప్పే యాప్ చేస్తే, "ఇంటిపేరు వరకే చెప్పగలను, సీసాలో పెట్టి పంపండి" అని చెప్పడం దానికి ముందు నేర్పుదాం.

వీటన్నిటికన్నా ముందు కావాల్సింది మనిషి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పురుగుల వర్గీకరణ మీద పరిశోధన చేస్తానన్న విద్యార్థికి నెలనెలా జీతం, ఒక మంచి మైక్రోస్కోపు, పాత గాజుపలకల్ని ఫోటోలు తీసి భద్రపరచడానికి ఒక సర్వరు. మనం హ్యాకథాన్‌కి టీషర్టులు కుట్టించే డబ్బుతో మొదలుపెట్టొచ్చు. ఆ విద్యార్థి పేరు మీద యాప్ ఉండదు, లాంచింగు ఫంక్షను ఉండదు, ఫేసుబుక్కులో ఫోటో ఉండదు. పదేళ్ళకి ఓ పది జాతుల పేర్లు సరిచేస్తాడేమో. ఆ పదిలో ఒకటి మన వరికో, చెరకుకో, కర్రపెండలానికో సంబంధించినదైతే చాలు.

మనందరికీ తెలిసిన సూత్రమే: చెత్త లోపలికి పోతే చెత్తే బయటికొస్తుంది. ఉద్యోగంలో రోజూ వల్లెవేసే ఆ సూత్రాన్ని ఊరికి సేవ చేసేటప్పుడు మాత్రం ఎందుకు మర్చిపోతామో నాకర్థం కాదు. వచ్చే శుక్రవారం మీ ఇంట్లో బిర్యానీ తింటూ ఎవరైనా "యాప్ చేద్దాం" అంటే ఒక్క ప్రశ్న వెయ్యండి: "లేబుళ్ళు ఎవరిస్తారు?"